పండగకి కాకినాడలో ఉంటానంటే తప్పా?

హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆవిడకి ముప్ఫై అయిదేళ్లు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. పెళ్లయి ఆరేళ్లు, నాలుగేళ్ల పాప. అత్తవారిది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ముగ్గురన్నదమ్ముల్లో ఈవిడ భర్తే పెద్దాయన. సంక్రాంతికి మరుదులు, ఆడపడుచు, వాళ్ల పిల్లలు, చినమామగారి కుటుంబం అంతా అక్కడే దిగుతారు. ఇంటినిండా పాతికమంది. పెద్దకోడలు కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి స్టవ్ వెలిగించేదీ ఈవిడే, రాత్రి అందరూ తిన్నాక వంటిల్లు సర్దేదీ ఈవిడే. "మూడు రోజుల సెలవయ్యాక ఆఫీసుకి వెళ్తే హాయిగా ఉంటుందండీ, అక్కడైతే కుర్చీలో కూర్చోవచ్చు" అని రాశారు.

పుట్టిల్లు కాకినాడ. నాన్నగారు రిటైరయ్యాక ఊళ్లో ఇల్లు, పొలం అమ్మేసి రామారావుపేటలో ఫ్లాటు కొనుక్కున్నారు. ఈవిడ ఒక్కతే సంతానం. కొత్తల్లుడి మొదటి పండగ తప్పితే మళ్లీ ఏ సంక్రాంతికీ అక్కడ లేరు. పోయినేడు భోగి రాత్రి ఫోన్ చేస్తే అమ్మ "మాకేంటే, బానే ఉన్నాం" అని ఫోన్ నాన్నగారి చేతికి ఇచ్చేసిందట. ఆయన గొంతు తగ్గించి చెప్పారట: "ఈసారి మీ అమ్మ బొమ్మల కొలువు పెట్టలేదమ్మా. చూడ్డానికి వచ్చేవాళ్లెవరు అంది. కింద ఫ్లాట్లన్నీ తాళాలే."

ఈ సంక్రాంతికి పాపను తీసుకుని సెలవులన్నీ కాకినాడలోనే గడపాలని ఆవిడ కోరిక. ఆలస్యంగా లేవాలి, అమ్మ పక్కన కూర్చుని కాఫీ తాగాలి, సాయంత్రం సముద్రం దగ్గరికి వెళ్లాలి, ఎవరికీ వడ్డించకూడదు. భర్తతో అంటే "ఏడాదికి మూడు రోజులు, అంతమాత్రం సర్దుకోలేవా? కావాలంటే ఫిబ్రవరిలో వారం రోజులు వెళ్లి ఉండు" అన్నారు. అత్తగారు "పెద్దలకి పెట్టుకునే రోజున పెద్దకోడలు లేకపోతే ఎలాగమ్మా" అన్నారు. అమ్మ కూడా "నలుగురూ నన్నంటారు, నువ్వక్కడే ఉండు" అంది. రైలు టికెట్లు తెరిచే రోజు దగ్గర పడుతోంది. పండగపూట ప్రశాంతంగా ఉండాలనుకోవడం స్వార్థమా, ఎవర్నీ నొప్పించకుండా ఎలా అడగాలి అన్నది ఆవిడ ప్రశ్న.

ఉత్తరం కింద, సంతకం అయ్యాక, ఇంకో రెండు వాక్యాలున్నాయి: "పోయిన కనుమనాడు మావారు కోడిపందేల్లో 40 వేలు పోగొట్టుకున్నారు. దాని గురించి మేం ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు."

జవాబు:

స్వార్థం కాదమ్మా. ఇది ముందు చెప్పేస్తాను, లేకపోతే తక్కినదంతా ఆ బెంగతోనే చదువుతారు. సంక్రాంతి అసలు పని అయ్యాక వచ్చే పండగ. వానాకాలపు సార్వా పంట కోతలు, నూర్పులు అయ్యి ధాన్యం ఇంటికి చేరాక, ఒళ్లు వంచి పనిచేసినవాళ్లు తీరిగ్గా కూర్చునే రోజులివి. కనుమనాడు ఎద్దులకి కాడి కట్టరు. వాటిని కడిగి, కొమ్ములకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కడుపునిండా మేపుతారు. పశువుకి ఇచ్చిన సెలవు ఇంటి పెద్దకోడలికి మాత్రం ఎందుకుండకూడదు? ఆ మాట మీ ఇంట్లో ఎవరూ అనలేదంటే చెడ్డవాళ్లని కాదు. ఎవరికీ తట్టలేదు, అంతే.

ఇంకొకటి. కాకినాడలో ఉంటే పండగ ఎగ్గొట్టినట్టు అని మీ ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు, మీరూ సగం అలాగే అనుకుంటున్నారు. మీ ఉత్తరంలో "పండగ మానేసి" అని రెండుచోట్ల రాశారు. ఎందుకు మానేస్తారు? ఆ ఊళ్లో సంక్రాంతి ఇంకో రకంగా జరుగుతుంది. పెన్షనర్ల స్వర్గం అని పేరు పడ్డ ఊరది. భోగి ముందు రోజు రాత్రిదాకా మెయిన్ రోడ్డులో బట్టల కొట్ల ముందు కాలు పెట్టే చోటుండదు. తెల్లారేసరికి సగం ఊరు పల్లెలకి వెళ్లిపోతుంది. తిన్నటి రోడ్లు ఖాళీగా, చలి చలిగా ఉంటాయి. రోడ్డు మొగలో భోగిమంట చుట్టూ పదిమంది ఉంటే ఎక్కువ. అందులో ఇద్దరు ముసలివాళ్లు కుర్చీలు తెచ్చుకుని కూర్చుంటారు. అపార్టుమెంటు గేటు ముందు సిమెంటు నేలమీద ఎవరో ఓపిగ్గా చుక్కలు పెట్టి ముగ్గేస్తుంటారు. సాయంత్రాలు వాకలపూడి బీచికి వెళ్లండి. కనుమనాడు మాత్రం అక్కడా జనమే. పొద్దున్నే బయల్దేరగలిగితే కోరంగి మడ అడవుల్లో చెక్క వంతెన మీద పాపని నడిపించవచ్చు, ఎండెక్కాక అక్కడా రద్దీ. సామర్లకోటలో కుమారారామం దగ్గర్లోనే ఉంది. పంచారామాలనే అయిదు శివక్షేత్రాల్లో ఒకటి. పెద్ద రాతి ప్రాకారం, లోపల విశాలమైన ఆవరణ. మీ నాన్నగారు పాపకి కథ చెబుతూ తిరగడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఇది పూర్తి పండగే. మీ భర్తకి ఇది తెలియదు, ఎందుకంటే ఆయన కాకినాడని పెళ్లయిన మొదటి సంక్రాంతికి కొత్తల్లుడి హడావుడిలోనే చూశారు.

ఇక్కడ మిమ్మల్ని ఒక్క క్షణం ఆపాలి. మీకు హాయిగా అనిపిస్తున్న ఆ నిశ్శబ్దమే పండగ రోజుల్లో మీ అమ్మానాన్నల్ని బాధపెడుతోంది. మామూలు రోజుల్లో వాళ్లకి పక్క ఫ్లాటువాళ్లుంటారు, పాలవాడు, పూలమ్మి, కింద వాచ్‌మన్ భార్య, సాయంత్రం పార్కులో నాన్నగారి స్నేహితులు ఉంటారు. సంక్రాంతికి ఆ మనుషులంతా ఊళ్లకి వెళ్లిపోతారు. మీ నాన్నగారు "కింద ఫ్లాట్లన్నీ తాళాలే" అన్నది అందుకే. మీరు విశ్రాంతి కోసం వెళ్దామనుకుంటున్నారు, వాళ్లకేమో సందడి కావాలి. గదిలో తలుపేసుకుని పదింటిదాకా పడుకుంటే మీకు బాగుంటుంది, అమ్మ మాత్రం హాల్లో మీరెప్పుడు లేస్తారా అని గడియారం చూస్తూ కూర్చుంటుంది. కాబట్టి వెళ్లే ముందే మనసులో ఒక లెక్క వేసుకోండి: ఇందులో నాకోసం ఎంత, వాళ్లకోసం ఎంత?

మీ భర్త అన్న ఫిబ్రవరి మాటని కొట్టిపారెయ్యకండి. దానితో మిమ్మల్ని మీరు ఒకసారి పరీక్షించుకోవచ్చు. ఫిబ్రవరిలో నిజంగానే వారం రోజులు సెలవు పెట్టి కాకినాడ వెళ్లారనుకోండి. నిద్ర పట్టింది, అమ్మ చేతి కాఫీ తాగారు, బీచికి వెళ్లారు. సంక్రాంతికి మళ్లీ కోనసీమలోనే ఉన్నారు. అప్పుడు మీ కష్టం తీరుతుందా? తీరుతుందనిపిస్తే ఆయన చెప్పింది మంచి ఏర్పాటు, ఒప్పుకోండి. ట్రాఫిక్ ఉండదు, చార్జీలు తక్కువ, ఎవరితోనూ మాట పడక్కర్లేదు. తీరదనిపిస్తే మీకు కావలసింది విశ్రాంతి ఒక్కటే కాదని అర్థం. మీ ఉత్తరం చదివితే నాకు రెండోదే అనిపించింది. పాతికమంది వంట గురించి మీరు నాలుగు వాక్యాలు రాశారు. అమ్మ కొలువు పెట్టకపోవడం గురించి ఒకటిన్నర పేజీ రాశారు.

నాకు కనిపిస్తున్నది ఇదీ. మీ దగ్గర మూడు వేరు వేరు బాధలున్నాయి: వంటింటి చాకిరీ, అమ్మ ఒంటరితనం, ఆ 40 వేలు. మూడింటినీ ఒకే మూటగా కట్టి "నేను కాకినాడ వెళ్తాను" అని ముందు పెట్టారు. వినేవాళ్లు ఎవరికి తగిలింది వాళ్లు తీసుకున్నారు. అత్తగారికి మీ ఇంట్లో చెయ్యలేను అన్నట్టు వినిపించింది, భర్తకి నీతో రాను అన్నట్టు, అమ్మకి నీవల్లే నాకీ గొడవ అన్నట్టు. విడదీసి మాట్లాడితే మూడింటిలో రెండు సులభంగానే తేలతాయి.

అమ్మ సంగతితో మొదలుపెట్టండి. పాపకి నాలుగేళ్లు. భోగిపళ్లు అయిదేళ్లు నిండేదాకా పోస్తారని చాలా ఇళ్లలో లెక్క. అంటే ఇక ఒకటో రెండో భోగులు మిగిలాయి. రేగిపళ్లు, చెరకుముక్కలు, బంతిపూల రేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు దోసిట్లో పట్టుకుని మూడుసార్లు తిప్పి మనవరాలి తలమీద పోసే ముచ్చట మీ అత్తగారికి ఏటా దక్కుతోంది. మీ అమ్మకి ఉన్నది ఒక్కతే కూతురు, ఒక్కతే మనవరాలు, ఒక్కసారి కూడా దక్కలేదు. నాకు మీ కథలో అన్నిటికంటే బరువుగా అనిపించింది ఇదే. మీరు దీన్ని ఎక్కడో మూడో పేజీలో రాశారు. దీన్నే మొదట చెప్పాలి. "అత్తయ్యగారూ, ఈసారి భోగిపళ్లు మా అమ్మ చేతిమీదుగా పోయించాలనుంది. పాప పెద్దదైపోతే మళ్లీ కుదరదు" అనండి. ఆవిడా నాయనమ్మే. ఈ మాట కాదనడం ఏ నాయనమ్మకైనా కష్టం. ఇది సాకు కాదు, పచ్చి నిజం, అందుకే మీరు తడబడకుండా చెప్పగలరు.

అత్తగారు "పెద్దలకి పెట్టుకునే రోజు" అన్నారు కదా. సంక్రాంతినాడు పితృదేవతలకి చేసుకోవలసింది కొడుకు. పెద్దకొడుకుగా మీ భర్త అక్కడ ఉండాలన్నది న్యాయమైన మాట. మీరు రావాలని ఆవిడ అనడంలో ఆచారం ఎంత ఉందో దిగులూ అంతే ఉందనుకుంటాను. మీరు రాకపోతే నాలుగింటికి ఆ స్టవ్ ఎవరు వెలిగిస్తారు? ఆవిడే. మీకంటే ముందు ముప్ఫై, నలభై ఏళ్లు ఆవిడే వెలిగించి ఉంటారు. ఆవిడకి మాత్రం ఎవరు సెలవిచ్చారు? కోడలు రానంటే ఆవిడకి ముందు గుర్తొచ్చేది తన నడుమే. ఆ భయం తీర్చకుండా మీరు ఏం అడిగినా ఆచారం అడ్డు పెడతారు.

అందుకని వంట సంగతి విడిగా, ఇప్పుడే, పండగకి చాలా ముందే తేల్చండి. తోడికోడళ్లిద్దరికీ ఫోన్ చేసి మాట్లాడండి. వాళ్లకీ ఇదే బాధ ఉండి, మీరు పెద్దవారు కదా అని నోరెత్తకుండా ఉండి ఉండొచ్చు. అరిసెలు, జంతికలు, పాకుండలు కిలోల లెక్కన చేసిచ్చే ఆడవాళ్లు కోనసీమలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ముందే చెప్పి డబ్బులిస్తే కొత్త బియ్యం పిండితో, తాజా పాకంతో చేసి డబ్బాలకెత్తి ఇస్తారు. అరిసెలు ఇంట్లోనే వండాలని అత్తగారు పట్టుబడితే శకునానికి ఒక్క వాయి అందరూ కూర్చుని వండుకోండి. తడిపిండి జల్లెడ పట్టేవాళ్లొకరు, పాకం నీళ్లలో వేసి ఉండ కడుతుందో లేదో చూసేవాళ్లొకరు, రెండు గరిటెల మధ్య నూనె నొక్కేవాళ్లొకరు. అలా చేసినప్పుడు అది పనిలా ఉండదు, ఆ ఒక్క పూటా మీకూ ఇష్టంగానే ఉంటుంది. మూడు రోజులూ వంటమనిషిని పెట్టుకుంటే ఖర్చవుతుంది, పండగ రోజుల్లో కూలి ఎక్కువే అడుగుతారు. ముగ్గురన్నదమ్ములూ పంచుకుంటే పెద్ద భారం కాదు. వడ్డన మగవాళ్లకి అప్పజెప్పండి. మన వైపు పెళ్లిళ్లలో వందలమంది బంతులకి చకచకా వడ్డించేది మగవాళ్లే, ఇంట్లో పాతికమందికి వడ్డించలేరా? అత్తగారికి ఇదంతా మొదట నచ్చకపోవచ్చు. "మా ఇంట్లో వంటమనిషా" అంటారు. మీ భర్త నోటితో చెప్పిస్తే వింటారు. ఇది అబ్బాయి అడగవలసిన విషయం, కోడలు అడగవలసింది కాదు.

ఇక ఎక్కడ ఉండాలన్నది.

మీ భర్త వైపునుంచి ఒక్క మాట చెప్పి అప్పుడు దారులు చూద్దాం. మీ అత్తవారి ఊరు జగ్గన్నతోట తీర్థానికి ప్రభ (వెదురుతో ఎత్తుగా కట్టి, అలంకరించి, దేవుణ్ణి ఊరేగించేది) పంపే పదకొండు ఊళ్లలో ఒకటని రాశారు. ఆ సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. ఆయనకది ఒక్క వాక్యం కాదు. కనుమనాడు పదకొండు ఊళ్ల రుద్రులు ఆ కొబ్బరితోటలో కలుస్తారు. అక్కడ గుడి లేదు, ఏమీ లేదు, కలవడమే పండగ. ఊరి మగవాళ్లంతా ప్రభని భుజాలమీద మోసుకుంటూ కౌశిక కాలువ దాటి, దాళ్వా (రెండో పంట) నాట్లు వేసిన చేలలోంచి నడిచి వస్తారు. పచ్చని చేను తొక్కినా రైతు ఏమీ అనడు, పైగా దేవుడు తన చేలోంచి నడిచాడని సంతోషిస్తాడు. 2023 రిపబ్లిక్ డే రోజు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే. చిన్నప్పుడు నాన్న భుజమెక్కి చూసిన మనిషి, ఇప్పుడు తమ్ముళ్లతో కలిసి తన భుజం పెట్టే మనిషి, కనుమనాడు కాకినాడ ఫ్లాటులో కూర్చోవాలంటే అది మీరు నాలుగింటికి లేవడమంత కష్టం ఆయనకి. కాబట్టి ఆయన కనుమని ముట్టుకోకండి. మీ పాపకి కూడా అది చూపించాల్సిందే.

సంక్రాంతి ఆయన పెద్దలది, కనుమ ఆయన ఊరిది. భోగి ఖాళీగా ఉంది. ఈ ఏటికి నాకు తోచిన దారి ఇది: బడి సెలవులు భోగికి ముందే మొదలవుతాయి కాబట్టి మీరూ పాపా రెండు మూడు రోజుల ముందే కాకినాడ వెళ్లిపోండి. మీ భర్త భోగి పొద్దుటికి అక్కడికి రావాలి. సాయంత్రం కొలువు, భోగిపళ్లు, పేరంటం. సంక్రాంతి తెల్లవారుజామున ముగ్గురూ కారులో బయల్దేరి యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా అమలాపురం, అక్కణ్ణించి ఊరు. రోడ్డు ఖాళీగా ఉంటే రెండు గంటల ప్రయాణం. ఎనిమిదైతే మాత్రం పందెం బరులవైపు వెళ్లే కార్లు, బైకులతో ఆ రోడ్డంతా నిండిపోతుంది, ఎంతసేపు పడుతుందో చెప్పలేం. ఆరింటికే వంతెన దాటెయ్యాలి. ఇందులో ఇబ్బందులున్నాయి. మీరు కోరుకున్న ప్రశాంతత మూడు రోజులు కాదు, ముందు దొరికే ఆ రెండు మూడు రోజులే. భోగి రాత్రి పేరంటమయ్యేసరికి పదవుతుంది, మళ్లీ నాలుగింటికే లేవాలి. తిరుగు ప్రయాణం కనుమనాడు కుదరదు. "కనుమనాడు కాకి కూడా కదలదు" అని మీ అత్తగారు ఖాయంగా అంటారు, ఆ మాట మీద తగాదా పెట్టుకోకండి. ముక్కనుమనాడో మర్నాడో వచ్చేలా ఆఫీసులో సెలవు చూసుకోండి.

మొత్తం పండగంతా మీరూ పాపా కాకినాడలోనే ఉండి, ఆయన ఒక్కరే ఊరికి వెళ్లడం ఇంకో దారి. ఇందులో తప్పేమీ లేదు. మీ విశ్రాంతీ పూర్తిగా దొరుకుతుంది, అమ్మకీ నిండుగా ఉంటుంది. అయితే ఆ ఇంట్లో పాతికమంది ఒక్కొక్కరూ మీ భర్తని "కోడలు రాలేదేం?" అని అడుగుతారు. ఆయన ఏం చెబుతారన్నది మీరిద్దరూ హైదరాబాదులో ఎలా విడిపోయి బయల్దేరారన్న దాన్నిబట్టి ఉంటుంది. భోగిపళ్ల సంగతి ఇద్దరూ మాట్లాడుకుని వెళ్తే "అత్తగారి ముచ్చట తీర్చడానికి ఈసారి అక్కడుంది" అని నిబ్బరంగా అంటారు. గొడవపడి వెళ్తే ఏదో అబద్ధం చెబుతారు, రెండో రోజుకి అది బయటపడుతుంది, మూడో రోజుకి మీ అమ్మకి ఎవరో ఫోన్ చేస్తారు. ఆవిడ భయపడుతున్న "నలుగురూ అంటారు" అప్పుడు నిజంగా మొదలవుతుంది. పాప సంగతీ ఆలోచించండి. నాలుగేళ్ల పిల్లకి ప్రశాంతతతో పనిలేదు. రెండో రోజే "అన్నయ్యావాళ్లు ఏరీ?" అని ఏడుస్తుంది. ప్రభలు టీవీలో చూపించి ఊరుకోబెట్టలేరు.

ఏడాది ఇక్కడ, ఏడాది అక్కడ అనుకోవడం కూడా ఉంది. చాలా ఇళ్లలో ఇప్పుడిలాగే చేస్తున్నారు, పెద్దవాళ్లు అలవాటు పడ్డారు. కానీ దీన్ని ఈ నవంబరులో హఠాత్తుగా చెబితే ఎవరూ ఒప్పుకోరు. ఈసారి భోగి కాకినాడలో బాగా జరిగితే వచ్చే ఏడాది ఆ మాట తీయడం తేలిక. అప్పటికి మీ భర్త కూడా ఆ ఊళ్లో ఒక పండగ పూట నిజంగా గడిపి ఉంటారు.

అమ్మానాన్నల్నే కోనసీమకి రమ్మంటే అని కూడా అడిగారు. వియ్యాలవారింట్లో మూడు రోజులు మీ అమ్మ కాళ్లు ముడుచుకుని ఒక మూల కూర్చుంటుంది, వంటింట్లోకి రానివ్వరు, ఊరికే కూర్చోనూ లేదు. రమ్మని పిలిస్తే మర్యాద, రాకపోతే బలవంతం చెయ్యకండి. కనుమనాడు ప్రభలు చూడ్డానికి ఒక్క పూట వచ్చి భోంచేసి వెళ్లమంటే మీ నాన్నగారు ఉత్సాహంగా రావచ్చు.

ఏ దారి ఎంచుకున్నా నిర్ణయం త్వరగా కావాలి. రైలు రిజర్వేషను గడువు 2024 నవంబరు నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. అంటే భోగి ముందు రోజుల టికెట్లు నవంబరు నడుమ తెరుచుకుంటాయి. పండగ రోజుల గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు నిమిషాల్లో అయిపోతాయి. మీ టికెట్లూ మీ భర్త టికెట్టూ వేరే తేదీలకి కాబట్టి ఇద్దరూ కలిసి కూర్చునే బుక్ చెయ్యండి. ఆయనకి తెలియకుండా బుక్ చేసి తర్వాత చెబుదామని రాశారు, ఆ పని మాత్రం చెయ్యకండి.

అమ్మని ఎలా ఒప్పించాలన్నారు. "రమ్మంటావా" అని అడిగితే వద్దనే అంటుంది. ఒక తరం ఆడవాళ్లకి కూతుర్ని పండక్కి రమ్మని అడగడం అంటే వియ్యాలవారి దగ్గర మాట పడడమే. అందుకని అడగకండి, చెప్పండి. "భోగికి వస్తున్నాం. అత్తయ్యగారికి చెప్పాను, సరేనన్నారు. అటకమీద ట్రంకుపెట్టె నాన్నని దించి పెట్టమను" అనండి. అత్తగారు సరేనన్నారు అన్నది నిజమయ్యాకే ఈ ఫోన్ చెయ్యాలి. వీలైతే మీ అత్తగారి చేతే వియ్యపురాలికి ఫోన్ చేయించండి. ఆ ఒక్క ఫోనుతో మీ అమ్మ భయమంతా పోతుంది.

అయితే ఆవిడ మోకాళ్ల నొప్పుల గురించి మీరే రాశారు. కూతురు, అల్లుడు, మనవరాలు వస్తున్నారని తెలిస్తే వారం ముందునుంచే నిలబడి పిండివంటలు మొదలుపెడుతుంది. కోనసీమలో మీరు పడ్డ కష్టం కాకినాడలో ఆవిడ పడుతుంది, మీరు పదింటికి లేచి కాఫీ తాగుతారు. అది విశ్రాంతి కాదు కదా. పిండివంటలు కొనండి. వంట రెండు కూరలకి మించొద్దని ముందే ఒట్టు వేయించుకోండి. ఒక పూట కాకినాడ హోటల్ భోజనం తెప్పించుకోండి, ఆ ఊరికి ఆ పేరు ఎలాగూ ఉంది. పండగ రోజుల్లో కొన్ని మూసేస్తారు, ముందే కనుక్కోండి. కొలువుకి మెట్లు కట్టడం, పాత చీరముక్కల్లో చుట్టిన కొండపల్లి బొమ్మలు విప్పి ఒక్కొక్కటీ తుడిచి పెట్టడం మీరూ పాపా చెయ్యండి, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఏ బొమ్మ ఎక్కడో చెప్పమనండి. ఏడు మెట్లు కట్టక్కర్లేదు, మూడు చాలు. పేరంటానికి ఊళ్లో ఉన్నవాళ్లెవరో నాన్నగారిని ముందే కనుక్కోమనండి. ఆ వీధిలో మీ అమ్మలాగే పిల్లలు రాక ఉండిపోయినవాళ్లు ఇంకా ఉంటారు. శనగలు, తాంబూలం పుచ్చుకోవడానికి అయిదుగురు వచ్చినా ఆ ఇల్లు నిండుతుంది.

ఇక మీరు సంతకం కింద రాసిన మాట.

అది చివర రాసినంత మాత్రాన చిన్న విషయం కాదు, మీకూ తెలుసు. ఈ పండగకి అత్తవారింటికి వెళ్లాలంటే మీకు కలుగుతున్న విముఖతలో వంట ఎంతో, ఆ 40 వేలూ అంతే ఉన్నాయని నా అనుమానం. కోడిపందేలు చట్టప్రకారం నేరం. జంతుహింస నిరోధానికి 1960 నాటి చట్టం, జూదానికి 1974 నాటి గేమింగ్ చట్టం ఉన్నాయి. ఏటా కేసులు పెడుతూనే ఉన్నారు, ఏటా ఆడుతూనే ఉన్నారు. "గోదావరి జిల్లాల్లో ఇది మామూలే" అని మీ భర్త అనవచ్చు. మామూలే కావచ్చు. పోయిన డబ్బు మీ ఇద్దరి సంపాదన.

దీన్ని పండగ సెలవుల చర్చలో కలపకండి. "మీరు పందేల్లో పోగొట్టారు కాబట్టి నేను కాకినాడ వెళ్తాను" అన్న వాక్యం ఒక్కసారి నోటినుంచి వచ్చిందంటే భోగిపళ్ల మాట ఇక ఎవరికీ వినపడదు. అత్తగారి దగ్గరా, మరుదుల దగ్గరా ఎత్తకండి, నలుగురిలో ఆయన పరువు పోయిందనుకుంటే తర్వాత మీతో నిజం చెప్పరు. హైదరాబాదులోనే, టికెట్లు బుక్ అయ్యాక, పాప పడుకున్న ఒక రాత్రి మాట్లాడండి. ఇంత మొత్తం వరకే ఆడండి అని హద్దు పెట్టడం ఒక పద్ధతి. చాలామంది భార్యలు అదే చేస్తారు. కానీ బరి దగ్గర తమ్ముళ్లూ, స్నేహితులూ చుట్టూ ఉండగా ఆ హద్దు నిలవడం కష్టం, పైగా తప్పుడు పనికి మీరూ ఒప్పుకున్నట్టవుతుంది. అసలు వెళ్లొద్దంటే ఆయనకి ఆ పూట ఇంకో పని ఉండాలి. కనుమనాడు ప్రభ ఉంది, పాపని ఎత్తుకుని తీర్థం చూపించే పని పూర్తిగా ఆయనకే అప్పగించండి. చిక్కంతా భోగి, సంక్రాంతి మధ్యాహ్నాలతోనే. భోగి ఎలాగూ కాకినాడలో గడిచిపోతుంది.

ఆ రాత్రి మాట్లాడేటప్పుడు నిందించకుండా ఒక్కటి మాత్రం తప్పకుండా అడగండి: ఆ 40 వేలు చేతిలో ఉన్న డబ్బా, అప్పు తెచ్చిందా? చేతిలోదైతే బాధ పడి, జాగ్రత్త పడి ముందుకు వెళ్లిపోవచ్చు. అప్పు తెచ్చిందైతే, లేదా ఆయన తడబడి జవాబు దాటేస్తే, ఇది మూడు రోజుల సరదా దాటిపోయిందని అర్థం. అప్పుడు ఇద్దరూ కూర్చుని బ్యాంకు ఖాతాలూ, ఫోన్లో ఉన్న లోన్ యాప్‌లూ అన్నీ తెరిచి చూసుకోవాలి. ఆయన ఏం చెప్పారో నాకు మళ్లీ రాయండి. ఈసారి అది సంతకం కింద కాకుండా మొదటి పేరాలోనే రాయండి.